మోకాళ్ల మిట్ట ఎక్కే పుల్లబొమ్మ

[తెర మీద: గుండ్రటి తల, గీతల ఒళ్లు. మెట్టెక్కుతుంటే మోకాలు కొంగకాలులా ఎదురు దిక్కుకి మడుచుకుంటుంది.]

నవ్వొచ్చిందా? మా పక్కింటి పాప చేసిన మొదటి బొమ్మ ఇది. బడిలో ‘కీళ్లు’ మీద ప్రాజెక్టు. అట్ట మీద బొమ్మ అతికించడం కన్నా, అలిపిరి మెట్లు ఎక్కే మనిషిని కదిలించి చూపిద్దాం అనుకున్నాం. ఆ దారిలో నిట్టగా ఎక్కాల్సిన మోకాళ్ల మిట్ట పేరులోనే పాఠం ఉందిగా!

[తెర మీద: పివట్ యానిమేటర్. కర్సర్ ఎర్ర చుక్క మీద.]

ఇది పివట్ యానిమేటర్, గీతల బొమ్మల్ని కదిలించే సాఫ్ట్‌వేర్. విండోస్ కంప్యూటర్లో ఉచితం. ఎర్ర చుక్క పట్టుకుని లాగితే ఆ కీలు దగ్గర గీత తిరుగుతుంది. పొడవు మాత్రం మారదు, అచ్చం ఎముకలాగే. నారింజ చుక్క లాగితే బొమ్మంతా జరుగుతుంది. భంగిమ కుదిరాక యాడ్ ఫ్రేమ్ నొక్కండి. ఒక్కో భంగిమ ఒక్కో ఫ్రేమ్ అన్నమాట. పాత భంగిమ బూడిద రంగు నీడలా కనిపిస్తుంటుంది. దాన్ని చూసుకుంటూ మళ్లీ కొంచెం కదపండి.

చిక్కేమిటంటే, ఇందులో ప్రతి కీలూ చుట్టూ తిరిగేస్తుంది. భుజానిది బంతి గిన్నె కీలు, అది ఎటు తిరిగినా ఫర్వాలేదు. మోకాలిది మడత బందు కీలు, తలుపులాగా ఒకవైపే. ఎక్కడ ఆపాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు, మీరే ఆపాలి. ప్రాజెక్టులో అసలు పని ఇదే అంటాను నేను.

[తెర మీద: పాదం దగ్గరగా. ఒళ్లు లేస్తుంటే పాదం మెట్టు మీంచి జారుతుంది.]

ఇంకో తప్పు చూడండి. ఒంటిని పైకి లేపితే పాదం కూడా లేచిపోయింది! లేపిన ప్రతిసారీ ఆ కాలి చుక్కలు లాగి పాదాన్ని మళ్లీ అదే మెట్టు మీద పెట్టాలి. విసుగే, కానీ ఇది చెయ్యకపోతే బొమ్మ గాల్లో తేలినట్టుంటుంది.

మెట్టుకి 8 ఫ్రేములు, సెకనుకి 12 ఫ్రేములు పెట్టాం. ఐదు మెట్లకి 40. మొత్తం 3550 మెట్లూ ఎక్కిస్తానంది పాప. 28,400 ఫ్రేములమ్మా అంటే ఊరుకుంది.

[తెర మీద: ఫైల్ మెనూ, ఎక్స్‌పోర్ట్.]

ఇక్కడే మాకు దెబ్బ తగిలింది. సేవ్ చేసిన పివ్ ఫైలునే, అంటే పివట్ సొంత ఫైలునే, పెన్‌డ్రైవ్‌లో వేసి పంపించాను. బడి కంప్యూటర్లో పివట్ లేదు, ఫైలు తెరుచుకోలేదు. పాప మొహం చూడాలి! సేవ్ చేసింది మనం దిద్దుకోవడానికి. ఇతరులకి చూపించడానికి ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి.

పవర్‌పాయింట్‌లో పెట్టేదైతే జిఫ్, అంటే కదిలే బొమ్మ ఫైలు, చాలు. దాన్ని బొమ్మలాగే ఇన్సర్ట్ చెయ్యండి, స్లైడ్ షో నడిపి చూడండి. జిఫ్‌లో 256 రంగులే ఉంటాయి, గీతల బొమ్మకి అంతకన్నా ఎందుకు? శబ్దం మాత్రం ఉండదు. మాట కలపాలంటే వీడియోగా తీసి ఎడిటింగ్‌లో చేర్చుకోండి.

కంప్యూటర్ లేనివాళ్లకి ఫోన్లో స్టిక్ నోడ్స్ అనే యాప్ ఉంది, పద్ధతి దాదాపు ఇదే. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి.

[తెర మీద: ఐదో మెట్టు. బొమ్మ ఆగి, మోకాళ్లు పట్టుకుని ఆయాసపడుతుంది.]

ఈ ఆయాసం పాప సొంత ఐడియా. దీనికి ఇంకో 8 ఫ్రేములు పట్టాయి.