‘అబ్యూజ్’ అనే మాట వెనుక

శ్రోతలకు నమస్కారం. ‘అబ్యూజ్’ అనే ఇంగ్లీషు మాట ఈ రోజుల్లో మన సంభాషణలోకి తేలిగ్గా వచ్చేస్తోంది. కోపంలో నోరు జారిన వాడినీ, పసిబిడ్డ ఒంటిపై చెయ్యి వేసిన వాడినీ ‘అబ్యూజ్ చేశాడు’ అనే అంటున్నాం. ఇంత దూరమున్న రెండు పనులకు ఒకే పేరు పెట్టడం వల్ల ఎవరికి నష్టమో ఈ పూట ఆలోచిద్దాం.

దీని మూలం లాటిన్ క్రియ ‘అబూతి’. ‘ఊతి’ అంటే వాడుకోవడం. దానికి ముందు ‘అబ్’ చేరడంతో పూర్తిగా వాడి హరించడం, తీరు తప్పి వాడడం అనే అర్థాలు వచ్చాయి. రోమన్ న్యాయ సంప్రదాయాన్ని అనుసరించిన న్యాయవేత్తలు ఆస్తిపై యజమానికి గల హక్కులను మూడుగా చెప్పేవారు: వాడుకోవడం, ఫలసాయం పొందడం, చివరిది ‘అబూసుస్’, అనగా అమ్ముకోవడానికైనా నాశనం చేయడానికైనా ఉండే అధికారం. వస్తువుపై ఒకప్పుడు హక్కుగా లెక్కకెక్కినదే మనిషిపై ప్రయోగిస్తే ఘోరమవుతుంది. సాటి మనిషిని తన సొత్తుగా చూడడమే ఈ మాటలోని అసలు భయంకరత్వమని నేను అనుకుంటాను.

తెలుగులో దీనికి సరితూగే ఒక్క పదం లేదు. అది లోటని నేననుకోను. అధికారమైతే దుర్వినియోగం, నోటిమాటైతే దూషణ, రోజూ సూటిపోటి మాటలతో కాల్చుకుతినడం సాధింపు, కోడలు పడేవి ఆరళ్లు. హద్దు మీరిన నడవడి అనే విశాలార్థం గల ‘అత్యాచారం’ మాత్రం నేటి వాడుకలో ఒకే నేరానికి పరిమితమైపోయింది.

సరైన పేరుకు ఎంత బలముందో 1962లో తెలిసింది. పిల్లల ఎక్స్‌రేలలో వేర్వేరు కాలాల్లో విరిగి అతుక్కున్న ఎముకలు కనిపిస్తున్నా ప్రమాదాలని సరిపెట్టుకుంటున్న రోజుల్లో, హెన్రీ కెంప్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు ఆ స్థితికి ‘దెబ్బలు తిన్న బిడ్డ’ అనే పేరు పెట్టారు. కొద్ది ఏళ్లలోనే ఇటువంటి సంఘటనలను అధికారులకు తెలపాలనే చట్టాలు ఆ దేశ రాష్ట్రాలన్నిటా వచ్చాయి. వారు ఎంచుకున్నది దెబ్బను కళ్లకు కట్టే మాట.

మాట గాయపరచనూ గలదు. వ్యసనంలో ఉన్న మనిషిని ‘మాదకద్రవ్యాలను అబ్యూజ్ చేసేవాడు’ అని వర్ణిస్తే, చికిత్స చేసేవారు సైతం అతనిని దోషిగా, శిక్షార్హుడిగా చూడడానికి ఎక్కువగా మొగ్గుతారని 2010లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. 2013లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో ఈ జబ్బు పేరు నుంచి ‘అబ్యూజ్’ అనే మాటనే తీసివేసింది.

ఇక తల్లి బ్యాంకు కార్డు తన దగ్గరే పెట్టుకుని, మందులకు డబ్బు అడిగితే విసుక్కునే కొడుకును తలచుకోండి. ‘వాడే చూసుకుంటున్నాడులే’ అంటుందామె. వృద్ధులపై అబ్యూజ్‌ను ప్రపంచమంతటా అరికట్టాలంటూ 2002లో వెలువడిన టొరంటో ప్రకటన ప్రకారం, నమ్మకం ఉండవలసిన బంధంలో వృద్ధులకు హాని కలిగించే పనే కాదు, చేయవలసినది చేయకపోవడమూ అబ్యూజే. అక్కడ ఆ మాట వాడడానికి మనం వెనుకాడకూడదు. కార్డు సంగతీ, మందుల సంగతీ కూడా చెప్పాలి.

ఒక బిడ్డ ‘అంకుల్ నన్ను పట్టుకున్నాడు, వద్దన్నా వదల్లేదు’ అని చెబితే, వినేవారు ఆ మాటలను ఉన్నవున్నట్టుగా రాసుకోవాలి. అందులో చేసినవాడు ఎవరో ఉంది, ఏం చేశాడో ఉంది, తాను వద్దన్న సంగతీ ఉంది. వాటి స్థానంలో ‘అబ్యూజ్’ అని మాత్రమే రాస్తే ఆ మూడూ కాగితం మీద నుంచి పోతాయి.