బ్రేక్ మీద కాలుంటే పెడల్ నేలకి దిగిపోతోంది | మా పాత పికప్ ట్రక్కు | ఒహాయో వ్లాగ్

నమస్తే అండీ అందరికీ. ఈ శనివారం కాస్ట్‌కో షాపింగ్ చూపిస్తానన్నాను కదా, అది వచ్చే వారం. మన పికప్ ట్రక్కు బ్రేకు తేడా చేసింది. నిన్న సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను, కాలు బ్రేక్ మీదే ఉంది. నేను ఇంకేం నొక్కకుండానే పెడల్ మెల్లగా దిగిపోతోంది, బండి ముందుకు జరుగుతోంది. కాలెత్తి మళ్లీ కొడితే పట్టింది. ఫ్రీవే ఎక్కకుండా లోపలి రోడ్ల మీద పాకుతూ ఇంటికొచ్చి పడ్డాను.

బండి వయసు ఇరవై దాటింది. కొత్తగా చదువుకోడానికి వచ్చిన మన పిల్లల పరుపులు, డెస్కులు మోసేది ఇదే. వినాయక చవితి పందిరి సామాను మోసేదీ ఇదే. అమ్మేయండి అని మా ఆవిడ ఏడాదంతా పోరుతుంది. చవితి దగ్గర పడగానే తాళాలు తనే తెచ్చి చేతిలో పెడుతుంది.

సరే, పార్టులు కొనే ముందు పెడల్ ఎలా చెడిందో చూద్దాం. స్పాంజిలా మెత్తగా ఉండి, రెండుమూడు సార్లు కొడితే పైకి లేస్తే, లైన్లలో, అంటే బ్రేక్ ఫ్లూయిడ్ అనే ద్రవం వెళ్లే సన్న గొట్టాల్లో, గాలి చేరిందనో, వెనక డ్రమ్ బ్రేకులు అడ్జస్ట్‌మెంట్ తప్పాయనో అనుమానించాలి. రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే బూస్టర్ వైపు, అంటే మన కాలి బలాన్ని పెంచే డబ్బా వైపు చూడాలి. మనది ఆ రెండూ కాదు. నిలబడినట్టే నిలబడి దిగుతోంది.

మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టాను. ముందు ఇంజిన్ ఆపి పెడల్‌ని బాగా కొట్టించి, నొక్కి పట్టుకోమని ఇంజిన్ ఆన్ చేయించాను. పెడల్ కొంచెం కిందికి వెళ్లి ఆగింది. బూస్టర్ బాగుందనడానికి గుర్తే అది, దాన్ని చూసి కంగారు పడొద్దు. తర్వాత "గట్టిగా కాదు, మెత్తగా నొక్కి పట్టుకో" అన్నాను. కాసేపటికి లోపల్నుంచి "ఏవండీ, పోతోంది, పోతోంది!" గట్టిగా తొక్కితే మాత్రం ఆగుతోంది. ఇక్కడే విషయం తేలుతుంది. పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాల వైపు తోసేది మాస్టర్ సిలిండర్. దాని లోపలి రబ్బరు సీళ్లు అరిగితే, గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి అవి గోడకి అతుక్కుంటాయి. మెల్లగా నొక్కితే ఫ్లూయిడ్ వాటి పక్క నుంచి వెనక్కి జారుకుంటుంది. బయట చుక్క కారదు. ఊళ్లో మెకానిక్ అయితే "మాస్టర్ సిలిండర్ కిట్ పోయింది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఇదిగో బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా చూడండి. ఫ్లూయిడ్ మ్యాక్స్ గీత దగ్గరే ఉంది, రంగు మాత్రం డికాషన్. గాల్లో తేమ పీల్చుకోవడం దీని గుణం. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. పెయింట్ మీద పడితే వెంటనే కడిగేయండి, ఊడిపోతుంది.

అయినా కిందకి దూరి చూడాల్సిందే. చలికాలంలో ఇక్కడ రోడ్లకి ఉప్పు కొడతారు. క్లీవ్‌ల్యాండ్ దగ్గర ఎరీ సరస్సు అడుగునే ఉప్పు గని ఉంది, మరి కొదవేముంటుంది? ఆ ఉప్పంతా ఫ్రేమ్ వెంట వెళ్లే స్టీలు లైన్లని తినేస్తుంది. పైగా ఒహాయోలో సొంత బండ్లకి ఏటేటా బ్రేకులు చెక్ చేసే రూలు లేదు, కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే. మన లైన్ల మీద తుప్పు పొరలు లేచాయి కానీ తడి లేదు. చక్రాల లోపలి వైపు పొడిగా ఉంది. మాస్టర్ సిలిండర్‌కీ బూస్టర్‌కీ మధ్య అతుకు దగ్గర టిష్యూ పెట్టి తుడిచాను, అదీ పొడే.

మాస్టర్ సిలిండరే అని ఇక్కడే తేల్చేయొచ్చు, కానీ ఒక మెలిక ఉంది. పాత ట్రక్కుల్లో ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) వాల్వు లోపల లీకైనా పెడల్ ఇలాగే దిగుతుంది. అందుకే మాస్టర్ సిలిండర్ నుంచి లైన్లు విప్పి, ఆ రంధ్రాలకి ఇత్తడి ప్లగ్గులు బిగించాను. ఇప్పుడు ఫ్లూయిడ్ బయటికి పోయే దారే లేదు. పెడల్ రాయిలా నిలబడితే తప్పు కింద ఎక్కడో ఉన్నట్టు. మళ్లీ మెత్తగా నొక్కమన్నాను... దిగింది! అంటే తప్పు మాస్టర్ సిలిండర్‌లోనే. ఏబీఎస్ గొడవ తప్పింది, అది మారిస్తే జేబు ఖాళీ.

కొత్త మాస్టర్ సిలిండర్ ఆర్డర్ పెట్టాను. బండికి బిగించే ముందే దాన్ని బెంచ్ మీద వైస్‌లో (బిగించి పట్టే పనిముట్టులో) పట్టించి లోపలి గాలి తీయాలి, లేకపోతే తర్వాత ఎంత కొట్టినా పెడల్ మెత్తగానే ఉంటుంది. ఆ పని వచ్చే వీడియోలో చూపిస్తాను. అప్పటిదాకా బండి కదలదు. ఈ వారం పరుపులు మోయాల్సిన పిల్లలూ, యూ-హాల్ అద్దె ట్రక్కు బుక్ చేసుకోండి నాయనా.