ఏడాదికి 27 పేజీలు: శ్రీకాకుళంలో మా ఇంటి చదువు

(తెర మీద: పెరడు. మధ్యలో నిలువుగా పాతిన మీటరు కర్ర. నేల మీద ముగ్గుపిండితో పెట్టిన గుర్తులు.)

నమస్కారం. మా పిల్లలిద్దరినీ ఇంటి దగ్గరే చదివిస్తున్నాం. ఈ మాట చెప్పగానే ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్న, "మరి సిలబస్ సంగతి ఏమిటి?" అని. లెక్కలకూ భాషలకూ మంచి పుస్తకాలు ఉన్నాయి, వాటి గురించి ఈ వీడియోలో మాట్లాడను. ఆరుబయట నేర్చుకునే చదువు గురించే చెబుతాను. దానికి మేము కొత్తగా ఏ ప్రణాళికా తయారుచేసుకోలేదు. మన రైతులు తరతరాలుగా వాడుతున్న కార్తెలనే తీసుకున్నాం.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. నక్షత్రాలు 27 కాబట్టి కార్తెకు 13 లేదా 14 రోజులు వస్తాయి. పిల్లల నోటుపుస్తకంలో కార్తెకు ఒక పేజీ కేటాయించాం. అందులో నాలుగు సంగతులు రాస్తారు: మధ్యాహ్నం కర్ర నీడ ఎంత, వాన ఎంత కురిసింది, మేము ఎంచుకున్న చెట్టు ఎలా ఉంది, ఏ పిట్టలు కనిపించాయి. పిల్లలకు రాయడం రాకపోతే బొమ్మ వేస్తారు.

వారానికో కొత్త చోటు చూపించాలని చాలామంది తల్లిదండ్రులు ఆరాటపడతారు. నేను మాత్రం దీనికి పూర్తిగా ఎదురు మాట చెబుతాను. పిల్లల్ని ఒకే చెరువు గట్టుకు, ఒకే చెట్టు కిందికి, ఒకే మడి దగ్గరికి ఏడాది పొడవునా తీసుకువెళ్లండి. కొత్త చోట పిల్లలు వింతలు చూస్తారు. తెలిసిన చోట మార్పును పట్టుకుంటారు. సైన్సు మొదలయ్యేది ఆ రెండో దానితోనే.

(తెర మీద: కర్ర నీడ, పక్కన టేపు.)

ముందుగా ఈ కర్ర. నేల పైకి సరిగ్గా మీటరు ఉండేలా, తూకపు దారం పట్టి నిటారుగా పాతాం. మధ్యాహ్నం పన్నెండుకు అటూ ఇటూ అరగంట పాటు కొన్ని నిమిషాలకోసారి నీడ చివర గుర్తు పెడితే, అన్నిటికంటే పొట్టి నీడ తేలుతుంది. ఆ కొలతే పేజీలోకి ఎక్కుతుంది.

డిసెంబరు 21 ప్రాంతంలో శ్రీకాకుళంలో ఆ నీడ దాదాపు 89 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు పడుతుంది. మార్చి 21 నాటికి 33కు దిగుతుంది. మే నెల మధ్యలో ఒక రోజు, పన్నెండు కొట్టడానికి కాస్త ముందు, నీడ పూర్తిగా కర్ర మొదట్లోకి వెళ్లిపోతుంది. పిల్లలు ఎదురుచూసే రోజు అది. అసలు విశేషం ఆ తరువాత వస్తుంది. నీడ మళ్లీ మొలుస్తుంది, కానీ ఈసారి దక్షిణం వైపు! జూన్ 21కి అటు 9 సెంటీమీటర్ల దాకా సాగి, జూలై చివరి రోజుల్లో మళ్లీ మాయమై, తిరిగి ఉత్తరానికి వస్తుంది. మనం భూమధ్యరేఖకూ కర్కటరేఖకూ మధ్యలో, సుమారు 18.3 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం కాబట్టే ఇది చూడగలుగుతున్నాం. ఢిల్లీలో పిల్లలకు ఈ అవకాశం లేదు. అక్కడ మధ్యాహ్నపు నీడ ఎన్నడూ దక్షిణానికి తిరగదు.

ఈ పేజీలు చేతిలో ఉంటే అరసవల్లి అర్థమవుతుంది. అక్కడ సూర్యనారాయణస్వామి పాదాల మీద కిరణాలు పడేది ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో. రెండు తేదీలకూ మధ్య దాదాపు ఏడు నెలలు ఉంది కదా, ఆ రెండు రోజులే ఎందుకని మా అబ్బాయి అడిగాడు. "నీ పుస్తకం తీసి ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూడు" అన్నాను. రెండింటిలోనూ నీడ ఇంచుమించు 40 సెంటీమీటర్లే. సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి వస్తూ ఒకసారి ఆకాశంలో అదే దారిన నడుస్తాడు. రెండు వేళలా ఉదయించేది తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, ఒకే చోట. ఆలయాన్ని కట్టినవారు ఆ చోటును గమనించి ఉంటారు. మనవాళ్ల పరిశీలన మీద పిల్లలకు గౌరవం కలగడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

(తెర మీద: చూరు మీద వాన. గోడ పక్కన చదునైన అడుగున్న గాజు పాత్ర, లోపల స్కేలు.)

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది" అని మా అత్తగారు అంటారు. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అనేది ఆ తరువాతి మాట. పిల్లలు ఈ సామెతల్ని పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకుని, కురిసిన వానతో సరిచూస్తారు. పాత్ర గోడలు నిటారుగా ఉంటే చాలు, వాన కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. అరవై చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే 1,500 లీటర్లు. ఈ లెక్క చేసిన రోజు మా అమ్మాయి చూరు కింద ఉన్న బిందెలన్నీ తెచ్చి వరసగా పెట్టింది. "నానమ్మా, ఇవి చాలవు!" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

ఆరుద్రలోనే ఎర్ర మఖమలు లాంటి పురుగులు నేల మీదికి వస్తాయి. కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి, అంటే అవి కీటకాలు కావు, సాలీడు బంధువులు. అగ్గిపెట్టెలో దాచనివ్వకండి, చూసి వదిలేయాలి.

ఆ వెంటనే పొలాల్లో ఉభాలు, అంటే వరి నాట్లు, మొదలవుతాయి. రైతును అడిగి, గట్టు పక్కన ఒక్క వరి మొక్కకు రంగు దారం కట్టి, ప్రతి కార్తెలోనూ పిలకలు లెక్కపెట్టండి. మా ఊరి రైతులు ఎవరూ కాదనలేదు, పైగా పిల్లలకు మడి మధ్యలో మొక్క కూడా చూపించి, రెండింటికీ తేడా ఎందుకో వాళ్లే చెప్పారు. ఆ రోజు పాఠంలో నేను నోరు విప్పాల్సిన అవసరం రాలేదు.

వాన విడవని రోజుల్లో బయటికి వెళ్లలేం కదా అనుకోవద్దు. పొందూరుకు బస్సెక్కండి. అక్కడ ఖాదీ నేసే ఇళ్లలో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి పత్తి పోగులు సాగడం పిల్లలు దగ్గరగా చూడాలి.

(తెర మీద: తాటి వనం. ఆకాశం మబ్బుగా ఉంది.)

ఇక చెట్టు. మా చెట్టు తాటిచెట్టు. మీరు వేప, చింత, పనస ఏదైనా ఎంచుకోవచ్చు కానీ, ఉత్తరాంధ్రలో ఉంటూ తాటిచెట్టును వదులుకోవడం నాకు మనసొప్పదు. ఒకే గింజ ఏడాదిలో మూడు రూపాల్లో పిల్లల నోటికి అందుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ముంజెలు. లేత కాయను కొట్టగానే మూడు కళ్లు, ఒక్కో కంట్లో వణికే గుజ్జు, దాని నడుమ తీయని నీళ్లు. మొలవబోయే మొక్కకు చెట్టు దాచిన ఆహారం అదే. ఒక కాయను కొట్టకుండా ఉంచితే లోపలి గుజ్జు ఏమవుతుందో కనిపెట్టమని చెప్పండి. ఆగస్టుకు కాయ పండి, వాసన కొడుతూ నేల మీద రాలుతుంది. పీచు పీకి, గుజ్జు పిండి తీశాక మిగిలే టెంకలో ఆ ముంజె ఇప్పుడు రాయిలా గట్టిపడి ఉంటుంది. టెంకల్ని పెరట్లో వదులు మట్టిలో పాతర వేస్తాం. మొలక పైకి రాకుండా ముందు కిందికి దిగుతుంది. కొన్ని వారాలకొకసారి ఒక టెంకను తవ్వి, పెద్దవాళ్లు కత్తితో కొట్టి చూపించాలి. లోపల గట్టి పదార్థం కొంచెం కొంచెంగా కరిగిపోతూ, దాని స్థానంలో తెల్లటి మెత్తని బుర్రగుంజు పెరుగుతూ ఉంటుంది. అది బీజదళంలో ఆహారాన్ని పీల్చి మొలకకు అందించే భాగం. చలికాలానికి తేగలు తయారు. కాల్చిన తేగను నిలువునా చీల్చితే మధ్యలో సన్నని చందమామ కనిపిస్తుంది. అది ఇంకా విచ్చుకోని మొదటి ఆకు. పుస్తకంలో "బీజదళం" అన్న పదం దగ్గరికి వచ్చినప్పుడు మా పిల్లలకు నేను కొత్తగా వివరించాల్సింది ఏమీ మిగల్లేదు.

కాయలు ఎన్నడూ కాయని తాటిచెట్లు ఉంటాయి, వాటిని పోతుతాళ్లు అంటాం. తాటిలో ఆడ, మగ చెట్లు వేరు. మొలిచిన చెట్టు కాపుకు రావడానికి పన్నెండేళ్లకు పైగానే పడుతుంది కాబట్టి, మీరు నాటిన టెంక ఏది అవుతుందో తెలిసేసరికి పిల్లలు పెద్దవాళ్లవుతారు.

ఒక హెచ్చరిక. ఉరుము వినపడితే తాటిచెట్ల దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడనివ్వకండి. పొలంలో అన్నిటికంటే ఎత్తుగా ఉండే చెట్టు మీదే పిడుగు పడే ముప్పు ఎక్కువ. వెంటనే ఇంట్లోకి వచ్చేయాలి.

(తెర మీద: ఉద్దానం కొబ్బరి తోట.)

అక్టోబరులో పిల్లలకు మూడు తుపానుల తేదీలు చూపించాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ ఈ తీరాన్ని దెబ్బతీసినవే. అక్టోబరులోనే ఎందుకు? సముద్రం అప్పటికింకా వెచ్చగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు నడిచే నెలల్లో కింది గాలులూ పైగాలులూ వేర్వేరు దిశల్లో గట్టిగా వీస్తూ తుపానును నిలదొక్కుకోనివ్వవు. రుతుపవనాలు వెనుదిరిగాక ఆ అడ్డు తగ్గుతుంది. ఇది చెప్పాక ఉద్దానం తోటలకు తీసుకువెళ్లండి. కొబ్బరి ఏడాదికి సుమారు పన్నెండు ఆకులు వేస్తుంది, రాలిన ప్రతి ఆకూ మాను మీద ఒక గాటు వదులుతుంది. గాట్లు లెక్కపెట్టి పన్నెండుతో భాగిస్తే చెట్టు వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. తిత్లీ తరువాత నాటిన చెట్టేదో, దానిని తట్టుకుని నిలిచినదేదో పిల్లలే చెప్పగలుగుతారు.

అదే రోజుల్లో తేలినీలాపురానికి పక్షులు చేరతాయి. టెక్కలి దగ్గర ఉన్న ఈ ఊళ్లో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు. పిల్లలతో కలిసి ఆ మాటను పరీక్షించండి. చలికి తట్టుకోలేక సైబీరియా నుంచి వచ్చే పక్షి ఇక్కడ తిండి తిని, గుడ్లు పెట్టడానికి తన చోటికే తిరిగి వెళుతుంది. మరి ఇక్కడ గూళ్లున్నాయి, గూళ్లలో పిల్లలున్నాయి. ముక్కు మీద మచ్చలున్న ఈ పెలికాన్లు దక్షిణాసియా, ఆగ్నేయాసియా వాసులే. వాటికి అపకారం జరగకుండా కాపాడుకునే ఆ ఊరివారి ప్రేమకు సైబీరియా కథ అవసరం లేదు. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో మాత్రం వానాకాలంలోనే సందడి. అక్కడికి వచ్చే కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని తినే పక్షి కాబట్టి, పొలాల్లో నీళ్లు నిలిచి నత్తలు పెరిగే వేళకే అది పిల్లల్ని కంటుంది. గూళ్లకు దూరంగా నిలబడి చూడాలి, చప్పట్లు కొట్టి లేపకూడదు.

సంక్రాంతి దాటాక తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో వంద పైచిలుకు గుడ్లు ఉంటాయి, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయి. అటవీ శాఖ సంరక్షణ కేంద్రాల్లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే వేళ అనుమతి అడిగి చూడవచ్చు. టార్చిలైటు వేయకూడదు, చేత్తో ముట్టుకోకూడదు.

పరీక్షల సంగతి రెండు మాటల్లో చెబుతాను. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో 14 ఏళ్లు నిండినవారు పదో తరగతి పరీక్ష రాయవచ్చు, తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠమూ ఉంది. చేరే ముందు ఆ ఏటి నిబంధనలు చదువుకోండి.

(తెర మీద: మళ్లీ కర్ర. పక్కన ఫోను.)

బడికి వెళ్లే పిల్లలున్నవారు కూడా చేయదగిన పని ఒకటి ఉంది. మే నెలలో శ్రీకాకుళంలో నీడ మాయమయ్యే రోజున, ఉత్తరాన ఉన్న ఇచ్ఛాపురంలో ఇంకా మాయం కాదు, అక్కడ ఆ రోజు మూడు నాలుగు రోజుల తరువాత వస్తుంది. ఇచ్ఛాపురంలో ఉన్న బంధువుల పిల్లలకు ఫోను చేసి, అదే రోజు రెండు మీటర్ల కర్ర నీడ కొలవమనండి. 2.8 సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. అంటే కోణంలో తేడా సుమారు 0.8 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 90 కిలోమీటర్లు. 0.8 డిగ్రీలకు 90 కిలోమీటర్లయితే 360 డిగ్రీలకు ఎంతో లెక్క కట్టమనండి. 40,500 వస్తుంది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసింది ఈ లెక్కే. కొలతలో రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే జవాబు ఎంత మారుతుందో కూడా పిల్లల చేతే లెక్క వేయించండి.