నడుస్తున్నా షుగర్ దిగట్లేదు!

యాంకర్: హలో, చెప్పండమ్మా. రేడియో సౌండు కాస్త తగ్గించండి, మీ గొంతు రెండుసార్లు వినిపిస్తోంది.

కాలర్: ఆ, తగ్గించానండీ. చెన్నై టీ నగర్ నుంచి. నాకు 61 ఏళ్ళు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. రోజూ పొద్దున్నే పానగల్ పార్కులో నలభై నిమిషాలు నడుస్తా. అయినా హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, 7.8 దగ్గరే కూర్చుంది. కోడలేమో జిమ్‌లో చేరమంటోంది. ఈ వయసులో డంబెల్స్ పట్టుకుంటే నవ్విపోరూ!

డాక్టర్: నవ్వనివ్వండమ్మా. ఆ నలభై నిమిషాలూ ఒక్కరే నడుస్తారా?

కాలర్: నలుగురం. కబుర్లు చెప్పుకుంటూ.

డాక్టర్: నడుస్తూ పాట పాడగలరా?

కాలర్: (నవ్వుతూ) చరణాలతో సహా పాడేస్తా.

డాక్టర్: అదీ సంగతి! మాట రావాలి, పాట మాత్రం రాకూడదు. ఆ వేగంతో వారానికి 150 నిమిషాలు నడవాలి. ఇప్పుడు ఒక పని చేద్దాం. చేతుల్లేని కుర్చీ ఉందా? గోడకి ఆనించి కూర్చోండి, ఎవరినైనా పక్కన ఉండమనండి. చేతులు గుండెల మీద కట్టుకుని లేవడం, కూర్చోవడం. అరనిమిషం.

యాంకర్: నేను టైము చూస్తున్నా... కానివ్వండమ్మా... అయిపోయింది!

కాలర్: ఎనిమిది. అమ్మో, తొడలు పట్టేశాయి.

డాక్టర్: మీ వయసు ఆడవాళ్ళు పన్నెండైనా లేవాలి. అంటే మీ నడకలో లోటు కాళ్ళ బలం దగ్గరుంది. తిన్నాక రక్తంలో చేరే గ్లూకోజును ఎక్కువగా లాక్కునేవి కండరాలే. అవి కదిలితే ఇన్సులిన్ అంతగా లేకపోయినా తలుపులు తెరుచుకుంటాయి. నడక ఆ తలుపులు తెరుస్తుంది, బరువులు కండ అనే గోదామునే పెంచుతాయి. ఆ తలుపులు ఒకట్రెండు రోజులకి మళ్ళీ మూసుకుంటాయి కాబట్టి వరసగా రెండు రోజులు మానకూడదు.

యాంకర్: మరి రెండిట్లో ఏది మేలు డాక్టర్ గారూ?

డాక్టర్: రెండూ కలిపితేనే. 2007లో కెనడాలో షుగర్ ఉన్న 251 మందితో 22 వారాల పరిశోధన జరిగింది. నడక లాంటివి చేసినవాళ్ళకీ హెచ్‌బీఏ1సీ తగ్గింది, బరువులెత్తినవాళ్ళకీ తగ్గింది, రెండూ చేసినవాళ్ళకి ఇంకా తగ్గింది. కాకపోతే వాళ్ళు ఎక్కువసేపు చేశారు, అదో మెలిక. 2010లో అమెరికాలో 262 మందితో, నడక, బరువులు, రెండూ కలిపి చేసే మూడు జట్లకీ ఇంచుమించు ఒకే సమయం ఇచ్చి తొమ్మిది నెలలు చూశారు. అప్పుడు కూడా రెండూ కలిపినవాళ్ళకే ఖాయంగా తగ్గింది, 0.34. చిన్న అంకెలాగే ఉంటుంది, నేనేమీ గొప్పలు చెప్పను. మందు మానేయడానికైతే అది చాలదు.

కాలర్: అయితే జిమ్ తప్పదంటారా?

డాక్టర్: అక్కర్లేదు. వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఈ కుర్చీ పనే పదేసి చొప్పున రెండు మూడు విడతలు. లీటరు బాటిల్‌లో నీళ్ళు నింపితే కిలో బరువు, చేతులకి అది చాలు. ఊపిరి బిగబట్టకండి. అన్నట్టు, కంటి డాక్టర్‌కి చూపించుకుని ఎన్నాళ్ళయింది?

కాలర్: పోయినేడు.

డాక్టర్: ముందు అది చూపించుకోండి. రెటీనా, అంటే కంటి వెనక పొర, బాగా దెబ్బతిని ఉంటే బరువులు వద్దు. మాత్రలేవి?

కాలర్: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్.

డాక్టర్: ఆ రెండోదానితో షుగర్ బాగా పడిపోవచ్చు. బయల్దేరేముందు చూసుకోండి, 100 లోపుంటే ఒక అరటిపండు తిని వెళ్ళండి. పర్సులో గ్లూకోజు పొట్లం ఉండాలి. చెప్పులతో కాదు, బూట్లతో నడవండి.

కాలర్: సరే డాక్టర్ గారూ. ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నా, ఇప్పుడు కూర్చోవచ్చా?

డాక్టర్: కూర్చోండమ్మా. మెల్లగా, చేతులు ఆనించకుండా.