మెదడులోని వ్యాఖ్యాత

శ్రోతలకు నమస్కారం.

తెలుగులో మనకు ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది, కోపం వస్తుంది, చివరికి ఆలోచన కూడా వస్తుంది. ఈ వాక్యాలలో దేనికీ 'నేను' కర్త కాదు. వచ్చినదాన్ని అందుకునే 'నాకు' మాత్రమే ఉంటుంది. అయితే "అలా ఎందుకు చేశావు?" అని ఎవరైనా అడిగితే చాలు, అంతవరకు పక్కన నిలబడి ఉన్న ఆ 'నాకు' ఒక్కసారిగా 'నేను' అయి, కారణం చెప్పడం మొదలుపెడుతుంది. ఆ కారణం ఎక్కడినుంచి వస్తుందన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

మెదడు కుడి ఎడమ భాగాలను కలిపే కార్పస్ కలోసంలో సుమారు 20 కోట్ల నాడీ తంతువులు ఉంటాయి. మందులకు లొంగని మూర్ఛ ఒక భాగం నుంచి రెండవ భాగానికి పాకకుండా, కొందరికి శస్త్రచికిత్సతో ఆ తంతువులను తెంచేవారు. అటువంటివారిని అమెరికాలో 1960ల నుంచి పరీక్షించిన రోజర్ స్పెరీకి 1981లో నోబెల్ బహుమతి లభించింది.

ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూతో కలిసి 1970లలో చేసిన ఒక ప్రయోగాన్ని కొంచెం నిదానంగా చూద్దాం. అటువంటి శస్త్రచికిత్స జరిగిన ఒక అబ్బాయికి, మాట్లాడే ఎడమ మెదడుకు మాత్రమే కనిపించేలా కోడి కాలి బొమ్మనూ, కుడి మెదడుకు మాత్రమే కనిపించేలా మంచు కప్పిన దృశ్యాన్నీ చూపారు. ఎదురుగా ఉన్న బొమ్మలలో తగినవాటిని ఎంచుకోమంటే, ఎడమ మెదడు నడిపే అతని కుడి చేయి కోడిని చూపింది, కుడి మెదడు నడిపే ఎడమ చేయి మంచు ఎత్తే పారను చూపింది. పార ఎందుకని అడిగారు. మంచును చూడని ఎడమ మెదడు "తెలియదు" అనాలి కదా! అనలేదు. కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి పార కావాలని, ఏమాత్రం తడుముకోకుండా జవాబిచ్చింది.

ఈ యంత్రాంగానికి గజానిగా వ్యాఖ్యాత అని పేరు పెట్టారు. మెదకు ప్రాంతపు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాశాడు. మన తలలోని వ్యాఖ్యాతకు అటువంటి నియమమేదీ లేదు.

ఇది రోగుల సంగతి కదా అనుకోవడానికి వీలులేదు. 2005లో ప్రచురితమైన స్వీడన్ ప్రయోగంలో, రెండు ఫోటోలలో నచ్చిన ముఖాన్ని ఎంచుకోమని, తరువాత గారడీవాని హస్తలాఘవంతో రెండవ ఫోటోను చేతిలో పెట్టి, ఎందుకు నచ్చిందో చెప్పమన్నారు. చాలామంది ఆ మార్పును గమనించలేదు సరికదా, తాము ఎంచుకోని ముఖంలోని చెవిపోగులను మెచ్చుకున్నవారు కూడా ఉన్నారు.

దీన్ని బట్టి 'నేను' అనేదే బూటకమని కొందరు తేల్చేస్తారు. నాకు అది తొందరపాటుగా కనిపిస్తుంది. కథ తప్పయినంత మాత్రాన వినేవాడు లేడని రుజువు కాదు. 2017లో యాయిర్ పింటో బృందం, మెదడు భాగాలను ఇలా వేరుచేసిన ఇద్దరిని పరీక్షించింది. కుడి ఎడమల కనిపించే బొమ్మలను వారు ఒకదానితో ఒకటి పోల్చలేకపోయారు. కానీ బొమ్మ ఏ వైపు కనిపించినా, కనిపించిందన్న సంగతిని ఏ చేతితోనైనా, నోటితోనైనా చెప్పగలిగారు. చూపు రెండుగా చీలినా చూసేవారు ఒక్కరేనని ఆ బృందం వాదించింది. గజానిగా పక్షం వారు దానిని ఇంకా అంగీకరించలేదు.