రోటి దగ్గర పుట్టిన పాట

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో ఏదైనా విదేశీ సాహిత్యం గురించి మాట్లాడమన్నారు. నేను కొరియా ఎంచుకున్నాను. మన పిల్లలు కొరియా సీరియళ్లు చూస్తున్నారు, వాళ్ల పాటలు పాడుతున్నారు. నేను చెప్పబోయేవి మాత్రం వెయ్యేళ్లు దాటిన పాటలు.

ఆ దేశంలో సిల్లా అనే రాజ్యం ఉండేది. రాజధాని ఇప్పటి గ్యోంగ్జు. అక్కడివాళ్లు సొంత భాషలో కట్టుకున్న పాటల్ని హ్యాంగా అంటారు. అప్పటికి వాళ్లకు సొంత లిపి లేదు. చైనా అక్షరాల్లో కొన్నిటిని అర్థం కోసం, కొన్నిటిని ఉచ్చారణ కోసం వాడుకుని తమ మాట రాసుకున్నారు. 888లో రాణి జిన్‌సోంగ్ కాలంలో ‘సామ్‌డేమోక్’ అనే సంకలనం తయారైంది, అది పోయింది. ఇప్పుడు మిగిలినవి 25 పాటలు. 14 పాటలు 13వ శతాబ్దంలో ఇర్యోన్ అనే భిక్షువు కూర్చిన ‘సాంగుక్ యుసా’లో ఉన్నాయి. మిగతా 11 గ్యున్యో అనే బౌద్ధ గురువు జీవిత చరిత్రలో ఉన్నాయి. అన్నిటికీ మాటలున్నాయి. ఒక్కదానికీ వరస లేదు.

వాళ్ల పాత చరిత్ర గ్రంథం ‘సాంగుక్ సాగి’, 1145 నాటిది. అందులో బెక్‌గ్యోల్ అనే వైణికుడి కథ ఉంది. నాంగ్సాన్ కొండ కింద కాపురం. కట్టుకున్న బట్టకు నూరు అతుకులు. సంవత్సరాంతం వచ్చింది, చుట్టుపక్కల ఇళ్లలో రోకళ్ల చప్పుడు. భార్య అంది: అందరికీ దంచుకోను గింజలున్నాయి, మనకు లేవు, పండగ ఎట్లా గడుస్తుంది? ఆయన వాద్యం అందుకుని రోకటి పోటు చప్పుడు వాయించి ఆమెను ఓదార్చాడు. ఆ వాయింపు దంపుడు సంగీతంగా పేరుపడి నిలిచింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను, మన్నించండి.

నలభై ఏళ్ల కిందటి మాట. నోటుబుక్కు పట్టుకుని ఆమె దగ్గర కూర్చున్నాను. “నాయనమ్మా, పాడకుండా ఉత్త మాటలు చెప్పు, రాసుకుంటాను” అన్నాను. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. “ఉత్తినే చెబితే ఎట్లా వస్తాయిరా? రోకలి ఇటియ్యి” అంది. రోకలి చేతికిస్తే పాట మొత్తం వచ్చింది, ప్రతి పోటుకూ ‘సువ్వి’తో సహా. అంతా రాసి ఒక పత్రికకు పంపాను. అచ్చయింది. అందులో ఒక్క సువ్వి కూడా లేదు. ‘అర్థం లేని పునరుక్తులు తొలగించాం’ అని ఉత్తరం కూడా వచ్చింది. నాయనమ్మకు చదివి వినిపిస్తే, “ఇది ఎవరి పాటరా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను.

మళ్లీ కొరియాకు వస్తాను. ఏడో శతాబ్దంలో, రాణి సోండోక్ కాలంలో, యాంగ్జి అనే భిక్షువు ఒక గుడిలో పెద్ద బుద్ధ విగ్రహం చేస్తున్నాడు. ఊరి ఆడా మగా మట్టి మోసుకొచ్చారు. మోస్తూ పాడారు: వచ్చాం, వచ్చాం, వచ్చాం. వచ్చాం. దుఃఖంలో ఉన్న మేము పుణ్యం చేసుకోను వచ్చాం. నాలుగే పాదాలు, ‘వచ్చాం’ అనే మాట ఐదుసార్లు. మా పాటను అచ్చువేసిన ఆయన చేతిలో పడితే ఒకటే మిగిలేది. మనిషి తట్ట నెత్తిన పెట్టుకుని నడిచేటప్పుడు అడుగడుగుకూ ఒక మాట కావాలి. ఆ ఐదు లెక్క అడుగులది. ఇర్యోన్ ఇంకో ముక్క కూడా రాశాడు: ఇప్పటికీ అక్కడివాళ్లు దంచేటప్పుడు, పనులు చేసుకునేటప్పుడు ఇదే పాడుకుంటారని. అంటే ఆరువందల ఏళ్లు ఆ పాటను కాపాడింది రోలు.

ఇంకొకటి వినండి. సిల్లా రాజు యూరి కాలంలో రాజధాని ఆడవాళ్లు రెండు జట్లుగా నెల రోజులు నేత పోటీ పెట్టుకునేవారు. ఎనిమిదో నెల పౌర్ణమికి ఓడిన జట్టు విందు ఇవ్వాలి. వాళ్ల చూసోక్ పండగకు మూలం అదే అంటారు. ఒకసారి ఓడిన జట్టులో ఒకామె లేచి ఆడుతూ ‘హోసో, హోసో’ అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు మీద జనం తర్వాత పాట కట్టారు. ముందు గొంతు, తర్వాత మాట. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే.

వోల్‌మ్యోంగ్ అనే భిక్షువు చనిపోయిన తోబుట్టువు కోసం కట్టిన పాట ఉంది. ఒకే కొమ్మన పుట్టి, తొలి గాలికి రాలి, ఎటు పోయామో తెలియని ఆకులం అంటాడు. ఎనిమిది పాదాలు అట్లా నడిచి తొమ్మిదో పాదం మొదట్లో ‘ఆయ’ అంటాడు. అర్థం వెతక్కండి, అక్కడ గుండె పట్టేసింది, అంతే. ఆ తర్వాతే స్వర్గంలో కలుసుకుందాం అనే మాట పెగిలింది. పది పాదాల హ్యాంగాల్లో చాలావాటిలో ఆ చోటే ఇలాంటి ఆశ్చర్యార్థకం వస్తుంది. ఈయన వేణువు వాయిస్తే చందమామ ఆగేదని కథ.

సిల్లా తర్వాత వచ్చిన గోర్యో రాజ్యం నాటి పాటల్లో ‘దోంగ్‌దోంగ్’ అనేదాన్ని 1493 నాటి ‘అఖాక్ గ్వేబోమ్’ అనే సంగీత గ్రంథం దాచింది. నెలకో చరణం. ప్రతి చరణం చివర ‘ఆఉ దోంగ్‌దోంగ్ దారి’. డప్పు చప్పుడే మాటయింది అంటారు. ఆస్థాన గ్రంథం రాసినవాళ్లు ఆ డప్పును ఒక్క చరణంలోనూ కొట్టేయలేదు.

అమ్మలారా, అయ్యలారా, మీ ఇళ్లల్లో దంచిన చేతులు, నాట్లు వేసిన చేతులు ఇంకా ఉన్నాయి. అందరి జేబుల్లో ఫోన్లున్నాయి. ఈ రాత్రికి వెళ్లి అడగండి. మాటలు చెప్పమనకండి, పాడమనండి. ఊపిరి తీసుకున్న చోటు కూడా రికార్డు కావాలి.

ఇంకా రాసుకొచ్చింది రెండు పేజీలుంది, చదవను. రెండో వరుసలో ఉన్న పెద్దమ్మగారు ఇందాక గుమ్మం దగ్గర నాతో అన్నారు, పెళ్లయిన కొత్తలో రోజూ వడ్లు దంచానని. అమ్మా, రోకలి లేదు, ఈ బల్ల ఉంది. నేను చేత్తో పోటు వేస్తాను, మీరు ఎత్తుకోండి. బాబూ, ఆ మైకు అమ్మగారికి ఇవ్వు.