పరదా వెనక నాలుగు కీబోర్డులు

(ఆయుధపూజ సందర్భంగా తిరుపతిలో ఆర్కెస్ట్రా కళాకారులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, నాతో స్టేజీలు పంచుకున్న మిత్రులకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లకాయలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. నా గురించి చెప్పినవాటిలో సగం అబద్ధం, మిగతా సగం పాతబడిపోయింది. భోజనాలు ఒంటిగంటకన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

దానికి ముందు ఒక్క మాట. ఇవాళ కీబోర్డులకు బొట్లు పెట్టారు, మంచిదే. కానీ నీళ్లలో కలిపిన పసుపు వాల్యూమ్ నాబ్ మీద, స్లైడర్ సందుల్లో పెట్టకండయ్యా! అది లోపలికి దిగి ఎండి, సంక్రాంతికల్లా గరగరమంటుంది. స్టాండుకు పెట్టండి, పెట్టెకు పెట్టండి. సరస్వతమ్మ ఏమీ అనుకోదు.

నాకిచ్చిన విషయం, ఏ అరేంజర్ కీబోర్డు సౌండు మేలు అని. ఇంటివాళ్లు కూడా కొందరు వచ్చారు, వాళ్ల కోసం చెబుతున్నా. ఎడమచేత్తో కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి, పట్టుకుంటే డ్రమ్స్, బేస్, గిటారు తానే వాయించేసే కీబోర్డును అరేంజర్ అంటారు. కుడిచేత్తో మనం పాట వాయించుకుంటాం. మీ ఇళ్లలో అప్పు తెచ్చిపెట్టింది అదే.

'సామీ, యమహా కొనమంటారా, కోర్గ్ కొనమంటారా?' అని నన్నడగని కుర్రాడు ఈ ఊళ్లో లేడు. నేనడిగేది ఒకటే. 'రెండూ యాడ విన్నావు నాయనా?' 'ఫోన్లో సామీ.' ఫోన్లో! అందులో ఉండే స్పీకరు వేలిగోరంత. బేస్ గిటారు అడుగు స్వరం దాంట్లోంచి బయటికే రాదు, పై స్వరాలను బట్టి చెవి ఊహించుకుంటుంది. దాన్ని విని లక్షల సరుకుకు మార్కులేస్తున్నాం.

షాపుకెళ్లి వింటే సరిపోతుందా అంటే, అక్కడ ఇంకో తిరకాసు. పక్కపక్కన పెట్టి వాయిస్తే ఏది రవ్వంత గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది. ఇది మన తిరుపతివాళ్ల బలహీనత కాదు, మనిషి చెవి తీరే అంత. చిన్న వాల్యూములో బేసూ, బాగా పైనుండే సౌండ్లూ చెవికి తక్కువగా ఆనతాయని అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి వాల్యూము సమానం చెయ్యకుండా పోల్చడం దండగ. రెండోది రివర్బ్, అంటే గోడలకు తగిలి తిరిగొచ్చినట్టుండే మోత. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే టోన్ల మీద, అంటే కీబోర్డులోని ఒక్కో వాద్యం సౌండు మీద, రివర్బ్ దట్టంగా పట్టించి పంపుతారు. షాపులో గుడి మండపంలో వాయించినట్టు ఉంటుంది. అదే కీబోర్డును గ్రానైట్ నేల, గాజు కిటికీలు ఉన్న కల్యాణ మండపంలో పెడితే హాలు తన రివర్బ్ తాను కలుపుతుంది. పాట బురదైపోతుంది. పోల్చేముందు రివర్బ్ మొత్తం తీసేసి వినండి. అప్పుడు బయటపడుతుంది అసలు టోను.

డెమో బటను సంగతి కూడా చెప్పాలి. కీబోర్డు తానే వాయించే ఆ డ్రమ్స్, బేస్, గిటారు వరసను స్టైల్ అంటారు. యమహా స్టైల్‌లో గిటారు అంత సహజంగా ఎట్లా మోగుతుంది, మనం వాయిస్తే ఎందుకు మోగదు? స్టైల్ లోపల మెగావాయిస్ అనే వేరే టోను పనిచేస్తుంది. కీ నొక్కే బలాన్ని బట్టి ఒకచోట మామూలు మీటు, ఇంకోచోట తీగ నొక్కిపట్టిన సౌండు, మరోచోట వేలు జారిన సౌండు వస్తాయి. అంత లెక్కగా మన చేతులు వాయించలేవు, దాన్ని ప్రోగ్రామ్ చెయ్యాల్సిందే. అంటే డెమోలో మీరు మెచ్చుకునే గిటారు మీ వేళ్లకు దొరికేది కాదు.

సరే, కంపెనీల మాటకొద్దాం. నా చెవికి తోచింది చెబుతాను, కొట్లాటకు రావద్దు. యమహాలో 2019 నాటి ఎస్‌ఎక్స్900 గానీ, దాని తరవాత 2024లో వచ్చిన ఎస్‌ఎక్స్920 గానీ, సాక్సోఫోను, గిటారు లాంటి టోన్లు నున్నగా తీర్చిదిద్దినట్టు ఉంటాయి. సూపర్ ఆర్టిక్యులేషన్ టోన్లలో వేలెత్తకుండా ఇంకో కీ మీదికి జరిపితే స్వరం జారుతుంది. గాయకుడి వెనక ఒదిగి కూర్చునే సౌండది. కోర్గ్ పీఏ700, పీఏ1000 రెండూ 2017లో వచ్చాయి. వాటి డ్రమ్స్ ముందుకొచ్చి ఛాతీకి తగులుతాయి. జాతరలో డాన్సు పాటకు నేనైతే కోర్గ్ వైపే. రోలాండ్‌లో 2015 నాటి ఈ-ఏ7 అరేంజరే. మన స్టేజీల మీద తరచూ కనిపించే ఎక్స్‌పీఎస్-10 మాత్రం అరేంజర్ కాదు, సింథసైజర్. దాన్ని వీటితో పోల్చి స్టైల్స్ లేవని తిట్టడం అన్యాయం. రోలాండ్ స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల గుంపు సౌండు, పట్టి పెట్టుకుంటే పాట వెనక పట్టుపరదా దించినట్టుంటుంది. క్యాసియోలో మన దేశం కోసమే చేసిన సీటీ-ఎక్స్9000ఐఎన్ ఉంది, దాని ధరకు ఆ సౌండు రావడం గొప్పే. అయితే అది ఒకేసారి పలికించగలిగేది 64 స్వరాలు. ఎస్‌ఎక్స్900కీ పీఏ700కీ ఆ లెక్క 128. స్టైల్ నడుస్తూ, పెడల్ తొక్కి, రెండు టోన్లు కలిపి వాయిస్తే స్వరాలు మధ్యలో తెగిపోవడం అక్కడే తెలుస్తుంది. ఇంట్లో ఒంటిచేత్తో నేర్చుకునే పిల్లకు ఆ తేడా ఏ జన్మకూ తెలియదు, ఆమెకు అదే కొనిపెట్టండి.

ఇవన్నీ పియానో, గిటారు ముచ్చట్లు. మనకు కావలసింది తబలా, డోలక్, డప్పు, నాదస్వరం. కీబోర్డులన్నిటికీ ఉమ్మడిగా ఉండాలని 1991లో జనరల్ మిడి పేరుతో 128 టోన్ల పట్టిక ఒకటి చేశారు. అందులో 105 సితార్, 112 షెహనాయ్. నాదస్వరానికి చోటు లేదు. అందుకే తాళి కట్టే వేళ మనవాళ్లు షెహనాయ్ నొక్కి మంగళవాద్యం అనిపిస్తారు. వేరే ఊళ్లో చెల్లుతుందేమో గానీ, గుళ్లో రోజూ అసలు నాదస్వరం వినే ఊరిది. ఒకసారి చంద్రగిరిలో పెళ్లికూతురి అవ్వ, 'ఏం నాయనా, బాకాకు జలుబు చేసిందా?' అంది. నేను చదివిన కీబోర్డు రివ్యూల్లో అంత సూటిగా చెప్పింది లేదు.

తబలాదీ అదే కథ. ఒకటే దెబ్బను రికార్డు చేసిపెట్టి, ఎన్నిసార్లు నొక్కినా దాన్నే తిప్పితిప్పి పలికిస్తే, వేగంగా వాయించినప్పుడు టకటకా మిషన్ కొట్టినట్టుంటుంది. మంచి కీబోర్డులో మెల్లగా నొక్కితే ఒక సౌండు, గట్టిగా నొక్కితే ఇంకో సౌండు ఉంటాయి. పోల్చాలంటే తబలాలో 'నా' అనే దెబ్బ పలికే కీని ఒకే చోట పదిసార్లు నొక్కి చూడండి, చాలు. ఇంకో సంగతి. ఎస్‌ఎక్స్900లో బయటి టోన్లు ఎక్కించుకోవడానికి సుమారు 1 జీబీ చోటుంది, ఎస్‌ఎక్స్700లో 400 ఎంబీ. అందరూ ఎవరో చేసిన ఇండియన్ ప్యాక్ ఎక్కించుకుంటున్నారు. అప్పుడు మీరు పోలుస్తున్నది కీబోర్డుల్నా, ప్యాకుల్నా? ఆ ప్యాక్ చేసినవాడు నెలల తరబడి కూర్చుని తబలా రికార్డు చేసి ఉంటాడు. వాడికి డబ్బివ్వకుండా పెన్‌డ్రైవ్‌లో పంచుకునేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. తలలు దించుకోవద్దు, నేనేం పేర్లు చదవను.

గమకాల గురించి చెప్పాలనుకున్నాను. సంగీత కళాశాలలో చదివినవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, నాకంటే వాళ్లకే బాగా తెలుసు. స్వరాన్ని పైకీ కిందికీ వంచే బెండ్ మామూలుగా రెండు అరస్వరాలకే పెట్టి ఉంటుంది. దానికి యమహా పాత ఎస్970లో చక్రాలుండేవి, ఎస్‌ఎక్స్900లో జాయ్‌స్టిక్ వచ్చింది. అన్నమయ్య కీర్తన వాయించేవాళ్లు బొటనవేలికి ఏది లొంగుతుందో చూసుకుని కొనుక్కోండి. అంతే.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. కాగితం మీద రాసుకోలేదు గానీ, చెప్పకుంటే నాకు అన్నం సహించదు.

తిరుచానూరు రోడ్డులో ఒక రిసెప్షన్. మాతో ఒక కుర్రాడు కొత్త ఎస్‌ఎక్స్900తో వచ్చాడు. చెన్నై వెళ్లి, వాళ్లమ్మ గాజులు కుదువపెట్టి తెచ్చుకున్నాడు. స్క్రీన్ మీది ప్లాస్టిక్ కూడా ఇంకా తియ్యలేదు. సౌండు పెట్టినాయన వచ్చి ఒకే వైరు ఇచ్చాడు. 'రెండు కావాలన్నా' అంటే, 'మిక్సర్లో ఖాళీ లేదు, ఒకటి చాల్లే' అని, పోతూపోతూ దాన్ని కుడి జాక్‌లో గుచ్చి పోయాడు. చాలా కీబోర్డుల్లో ఒక్క వైరే ఉన్నప్పుడు అది ఎడమవైపు జాక్‌లో పెట్టాలి, అప్పుడే రెండు పక్కలూ కలిసి వస్తాయి. కుడిదాంట్లో పెడితే కుడి సగమే వస్తుంది. వీడు పియానోతో పల్లవి ఎత్తుకున్నాడు. కింది స్వరాలు సన్నగా, పైవి కీచుమంటూ! తబలా ఒక దెబ్బ వినిపిస్తే ఇంకోటి ఎటుపోయిందో తెలియదు. గాయని వెనక్కి తిరిగి చూసింది. వీడు టోన్లు మారుస్తున్నాడు, ఈక్వలైజర్ తిప్పుతున్నాడు, చెమటలు కారుతున్నాయి. పెళ్లివారి పెద్దమనిషి ఒకాయన స్టేజీ ఎక్కి, 'ఏం అబ్బోడా, దీనికంటే మీ పాత పెట్టే నయం గదా' అన్నాడు అందరూ వినేటట్టు. నేను రెండో కీబోర్డు మీదున్నాను. పాట అయిపోగానే వెళ్లి ఆ వైరు లాగి ఎడమదాంట్లో పెట్టాను. సౌండు నిండింది, కానీ వాడి మొహం మాత్రం విరిగిపోయే ఉంది.

అక్కడితో అయిపోతే నేను ఇంతసేపు చెప్పేవాణ్ని కాదు. వాడు ఆ కీబోర్డును నష్టానికి అమ్మేసి వేరే కంపెనీది కొన్నాడు. దానికీ ఒకే వైరు ఇచ్చారు.

వింటున్నారా, సౌండు సిస్టమ్ పెట్టే తమ్ముళ్లూ? మీ కష్టం నాకు తెలుసు. రాత్రి రెండింటికి బాక్సులు లారీకెక్కించేది మీరే. అయినా అడుగుతున్నాను, కీబోర్డుకు రెండు చానెళ్లు ఎందుకివ్వరు? గాయకుడికి రెండు మైకులు సిద్ధంగా పెడతారు, డ్రమ్స్‌కు ఎన్ని మైకులు పెడతారో లెక్కే లేదు. స్టీరియోగా రికార్డు చేసిన పియానోను ఒక్క వైరులో కుక్కితే ఎడమా కుడీ ఒకదాన్నొకటి కొన్నిచోట్ల కొట్టేసుకుంటాయి, టోను బోలుగా మోగుతుంది. కీబోర్డు అన్నలూ, మీకూ చెబుతున్నా. రెండో వైరు ఇవ్వనే ఇవ్వకపోతే టోన్ల లిస్టులో మోనో పియానో, అంటే ఎడమా కుడీ తేడా లేకుండా చేసింది, ఉందేమో వెతుక్కోండి.

ఇంకొకటి, హమ్. గంగమ్మ జాతరలో సీరియల్ లైట్లూ స్టేజీ సౌండూ ఒకే జనరేటర్ మీద నడుపుతారు. పాట ఆగితే చాలు 50 హెర్ట్జ్ గుర్రుమంటుంది. కీబోర్డు లైను నుంచి మిక్సర్ దాకా పొడుగాటి మామూలు వైరు లాగితే దారిపొడవునా ఆ గుర్రును ఏరుకుంటూ పోతుంది. డీఐ బాక్సు, అంటే కీబోర్డు లైనును గుర్రు అంటకుండా దూరం పంపే చిన్న డబ్బా, పెడితే చాలావరకు పోతుంది. అది పెట్టకుండా మనవాళ్లు చేసేదేమిటి? ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేస్తారు. హమ్ తగ్గుతుంది, నిజమే. ఆ తరవాత గాయకుడి పెదవి మైకుకు తగలగానే చురుక్కుమంటుంది. నవ్వకండి, ప్రాణం పోయే పని అది.

ఇప్పుడు చెప్పండి, ఏ కీబోర్డు సౌండు మేలు? కమిటీవాళ్లకు ఈ గొడవేదీ పట్టదు. ప్రోగ్రాం మాట్లాడేటప్పుడు 'ఏ మోడల్ ఉంది మీ దగ్గర?' అంటారు. పాత మోడల్ అంటే రేటు తగ్గిస్తారు. కొత్త మోడల్ అంటే, 'అందులో అన్నీ ఉన్నాయంట గదా, ఇక తబలా ఆయనెందుకు?' అంటారు. రెండు వైపులా కోత మనకే. ఆ తబలా ఆయన ఇవాళ ఇక్కడికి రాలేదు, ఎందుకు రాలేదో మీకందరికీ తెలుసు.

అందుకని అధ్యక్షులవారి అనుమతితో ఒక పని చేద్దామంటున్నాను. ఉపన్యాసం ఇక్కడితో ఆపేస్తాను. భోజనాలయ్యాక నాలుగు కీబోర్డులు ఈ స్టేజీ మీద పెడదాం. యమహా, కోర్గ్ ఉన్నాయి. క్యాసియో మా మేనల్లుడు తెచ్చాడు. ఈ-ఏ7 ఉన్నవాళ్లెవరైనా ఇంటికెళ్లి తీసుకురండి. అన్నిటికీ ఒకే మిక్సరు, అవే బాక్సులు, రెండేసి వైర్లు. రివర్బ్ సున్నా. వాల్యూము ఫోన్లో డెసిబెల్ మీటరు పెట్టి సమానం చేస్తాం, ఫోను ఆ పనికి ఫర్వాలేదు. ముందు పరదా కడదాం. నాలుగింటి మీదా ఒకే మనిషి, ఒకటే పాట. మొదట తబలా, తరవాత స్ట్రింగ్స్, చివర్న స్టైల్‌తో మొత్తం పాట. కింద కూర్చున్నవాళ్లు పేర్లు కాదు, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చీటీలు రాయండి. కమిటీల తరఫున వచ్చిన పెద్దమనుషులూ దయచేసి ఉండండి, మీ చీటీలే నాకు ముఖ్యం. ధర ఎవరూ బయటపెట్టొద్దు.

పరదాకు వాచ్‌మన్‌ను దుప్పటి అడిగాను, ఇస్తానన్నాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం ఎవరైనా మంచిది తీసుకురండి. మూడు పిన్నులూ ఉన్నది.